బొటనవేలి కట్టు

నక్ఫా కందకాలు
1986 జనవరి 14

పెద్దమ్మా,

నేను బాగున్నాను. తెక్లే కూడా బాగున్నాడు. ఈ రెండు మాటలూ వినేదాకా నువ్వు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటావని తెలిసే ముందు రాసేశాను. ఇక కాఫీ పెట్టుకుని తీరిగ్గా విను. రుఫ్తా, చదివి వినిపించేది నువ్వేగా, మధ్యలో ఏదీ ఎగరగొట్టకు.

నా భుజం మీది తుపాకీ దించి కెమెరా పెట్టి ఏడాది దాటింది కదా. ఇన్నాళ్లూ ఆసుపత్రి గుహలూ, చెట్ల కింద బడులూ, పిండిమరా, ఇవే తీశాను. ఈసారి ముందువరసకు వెళ్లి ఫిరంగుల్ని సినిమా తీసి రమ్మన్నారు. ఆయాసపడుతూ కొండెక్కి, ముళ్లకొమ్మలు కప్పిన గుంట దగ్గరికి వెళ్లానో లేదో, లోపలినుంచి ఒక గొంతు:

"ఏమే హిరితీ, నా కంచంలో చెయ్యి పెట్టడానికి ఇక్కడికీ వచ్చావా?"

మన తెక్లేయే! ఒకే కంచంలో కొట్టుకుంటూ తిన్నవాళ్లం, ఒకే యుద్ధంలో ఉంటూ రెండేళ్లుగా ఒకరినొకరం చూసుకోలేదు. గడ్డం వచ్చింది. చిక్కాడు. పళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, నవ్వితే అన్నీ బయటికొస్తాయి.

"నీకోసం కాదులే, ఫిరంగిని తీయడానికొచ్చాను. పక్కకి జరుగు" అన్నాను.

"అత్తగారిని తీయాలంటే అల్లుణ్ణి అడగాలి మరి."

వాళ్లు ఆ ఫిరంగిని అత్తగారనే పిలుస్తారు. నోరు తెరిచిందంటే ఊరూవాడా వినాల్సిందేనట.

ఫిరంగిని సినిమా తీయడం నువ్వనుకున్నంత తేలిక కాదు. గుండ్లన్నీ ఎదుటివాళ్ల దగ్గర లాక్కున్నవే. సినిమా కోసమని ఒక్కటి కూడా పేల్చరు. అందుకని గుండు ఎత్తుకురావడం, లోపలికి తోయడం, వెనక తలుపు మూయడం, అంతవరకే తీశాను. నిజంగా పేల్చే రోజు కబురు చేస్తారు, అప్పుడు వెళ్లి మిగతాది తీయాలి. రెండూ అతికిస్తే ఒకటే పని అయినట్టు కనిపిస్తుంది.

తలుపు మూసేటప్పుడు నీ కొడుకు ఫిరంగి వైపు చూడకుండా నా వైపు చూసి పళ్లికిలించాడు. బొటనవేలు నలిగింది. కెమెరా తిరుగుతోందని కిక్కురుమనలేదు, కళ్లలో నీళ్లు మాత్రం గిర్రున తిరిగాయి. కోడిగుడ్డంత కట్టు కట్టారు. ఆ కట్టుతోనే మళ్లీ మొత్తం చేసి చూపించాడు, ఆ రీలంతా అదే. భయపడకు, ఎముకకేం కాలేదు.

అమ్మకి ఉత్తరం రాయరా అంటే, "ఉత్తరం ఎందుకు? నా మొహం పంపు. అమ్మకి అక్షరాలు రావు గానీ మొహాలు బాగా చదువుతుంది" అన్నాడు. వాడి బద్ధకానికి ఎప్పుడూ ఏదో ఒక సాకు. రుఫ్తాకేమైనా చెప్పాలా అంటే మాత్రం చెవులు ఎర్రబడ్డాయి.

ఫిల్ము కడిగించడానికి ఇటలీ వెళ్లాలి, తిరిగొచ్చాక ఇక్కడ గుహలో అతికించాలి, తర్వాత మీ ఊరు రావాలి. ఎండలు ముదిరేదాకా ఓపిక పట్టు. వాడి మొహం నీ దగ్గరికి వస్తోంది.

నీ చేతి షిరో కూర కలలోకొస్తున్న,
హిరితి

*

దేమ్ పేట, ఖార్టూమ్
1986 ఫిబ్రవరి 25

నా బంగారు తల్లి హిరితికి,

నీ ఉత్తరం లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. మరియమ్మ తల్లి వాణ్ణి చల్లగా చూడాలి. రుఫ్తా మూడుసార్లు చదివింది. తెక్లే మాటలొచ్చిన చోట గొంతు మార్చి చదువుతుంది, దొంగముండ.

(అత్త చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తిట్లతో సహా. - రుఫ్తా)

ఆ వేలికి వెన్నా, మెంతిపిండీ కలిపి కట్టమను. నీళ్లు తగలనివ్వద్దను. గుండ్లు మోసే చేతికి నీళ్లెందుకు తగులుతాయంటావా? చిన్నప్పుడు వాడు బురద కనిపిస్తే చాలు చేతులు పెట్టేవాడు. నా కొడుకుని నాకన్నా నీకు తెలుసా?

నేను బాగానే ఉన్నాను. ఇంజెరా అట్లు పోసి అమ్ముతున్నాను. దుమ్ముగాలి లేచిన రోజు పిండి నిండా ఇసకే. కొనేవాళ్లు తిట్టుకుంటూనే తింటారు, మన ఊరి రుచి ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు?

ఇప్పుడు అసలు సంగతి. రుఫ్తా, సిగ్గుపడకుండా రాయి. రుఫ్తాకి సంబంధం వచ్చింది. పిల్లాడు జెడ్డాలో కరెంటు పని చేస్తాడు, పేరు గిర్మాయ్. తాగడు. తల్లిని బాగా చూసుకుంటాడట. పళ్లు కాస్త ఎత్తు.

(కాస్త కాదు.)

రుఫ్తా తండ్రి నా గడపలో కూర్చుని, "మెధిన్, నీ కొడుకు కోసం నా కూతురు ఇన్నేళ్లు ఆగింది. ఇంకా ఆగాలంటే వాణ్ణే చెప్పమను, వద్దంటే వద్దని చెప్పమను" అన్నాడు. ఆయన మాటా న్యాయమే. ఇక్కడ అద్దె గదిలో పిల్లని ఎంతకాలం పెట్టుకుంటాడు? జెడ్డా వెళ్తే అది హాయిగా ఉంటుంది. కానీ ఈ పిల్ల నా ఇంటి దీపం అనుకున్నానే. వాడిని ఒక్క మాట అడుగు. ఆగమంటాడా, వద్దంటాడా? పస్కా పండక్కల్లా వాళ్లకి చెప్పాలి.

(అత్త ఇక్కడ ఏడ్చింది. నేను వెళ్లి కాఫీ గింజలు వేయించుకొచ్చాను. హిరితీ, నాకు మాత్రం తొందరేం లేదని వాడితో చెప్పు.)

నీ పెద్దమ్మ,
మెధిన్

*

నక్ఫా
1986 ఏప్రిల్ 2

పెద్దమ్మా, దీన్ని నీకు పంపను. ఇక్కడినుంచి వెళ్లే ప్రతి ఉత్తరం చదివే పంపుతారు, ఇది కొండ దాటదు. అయినా రాస్తున్నాను.

తెక్లే లేడు.

నీ ఉత్తరం నా చేతికి వచ్చేటప్పటికే లేడు. ఫిరంగి పేల్చే రోజొచ్చిందని కబురొస్తే కెమెరా వేసుకుని పరిగెత్తాను. గుంటలో సాలిహ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు, తెక్లేతో కలిసి పనిచేసే పొడుగాటి కుర్రాడు. తెక్లే ఏడిరా అన్నాను. కొండ వెనక్కి చెయ్యి చూపించాడు. ముందురోజు సాయంత్రం ఎదుటివాళ్ల గుండు వాళ్ల గుంట అంచున పడిందట. రాళ్లు పేర్చి పూడ్చిపెట్టారు. చేతికి ఇంకా ఆ కట్టు ఉందా అని అడిగాను. వేలు మానిపోయి చాలా రోజులైందక్కా అన్నాడు సాలిహ్. ఎందుకలా అడిగానో నాకే తెలియదు.

అంతలో పేల్చమని ఆజ్ఞ వచ్చింది. తెక్లే నిలబడే చోట సాలిహ్ నిలబడ్డాడు. నేను తీశాను పెద్దమ్మా. మొన్న గుహలో ఆ రెండు ముక్కలూ నేనే అతికించాను. తెక్లే గుండు పెట్టాడు, సాలిహ్ పేల్చాడు. ఆ రెండింటి మధ్య రెండు నెలలున్నాయి, ఒక గోరీ ఉంది. తెర మీద అవేవీ కనిపించవు.

ఇక్కడ చనిపోయినవాళ్ల పేర్లు ఇళ్లకు పంపరు. యుద్ధం ముగిశాక అందరి పేర్లూ ఒకేసారి చెబుతారట. ఒక్కో తల్లి ఒక్కో రోజు గుండె బాదుకుంటే పక్కింటి తల్లి తన బిడ్డను పంపదని. నేను ప్రమాణం చేసి వచ్చినదాన్ని. ఇన్నాళ్లూ ఆ నియమం సరైనదే అనుకున్నాను, ఎందుకంటే అప్పుడు పోయింది ఎవరో, నువ్వు కాదు ఏడవాల్సింది.

నువ్వేమో ఆగమంటాడా, వద్దంటాడా అని అడిగావు. నేనేం చెప్పను? ఇటు నోరు విప్పితే ద్రోహం, అటు మూసుకుంటే ఆ పిల్ల బతుకు బుగ్గిపాలు. ఎటు కదిలినా గోడే.

*

నక్ఫా
1986 ఏప్రిల్ 2

పెద్దమ్మా,

నీ ఉత్తరం అందింది. నేను కులాసాగా ఉన్నాను. తెక్లే ఉండే వైపు నేనిప్పుడు వెళ్లడం లేదు, అందుకని అడగడం కుదరలేదు. రుఫ్తా సంగతి రుఫ్తాయే తేల్చుకోవాలి. ఇక్కడున్నవాళ్లెవరూ ఆగమని అనలేరు, అనకూడదు కూడా. జెడ్డా మంచి ఊరని విన్నాను. ఎత్తు పళ్లవాళ్లు మనసున్నవాళ్లని మా అమ్మమ్మ అనేది కాదూ?

ఈసారి రాయడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

హిరితి

*

దేమ్ పేట, ఖార్టూమ్
1986 జూలై 8

ఒసేయ్ హిరితీ,

చూశామే! నా కొడుకుని చూశామే!

మనవాళ్ల సంఘం ఆవరణలో తెల్ల దుప్పటి కట్టి వేశారు. పేటంతా అక్కడే ఉంది. ముందు ఏవో కొండలు, ఏవో కందకాలు, ఎవరెవరో పాటలు పాడటం, అదంతా నాకెందుకు? తర్వాత ఫిరంగి వచ్చింది. వచ్చింది, వచ్చింది, పోదే! ఫిరంగి ఎవరి కొడుకని అంతసేపు చూపించావు? అప్పుడు వచ్చాడు. కట్టు కట్టిన వేలితో గుండు ఎత్తుకుని, నా వైపే చూసి నవ్వాడు.

నాకిక ఒళ్లు తెలియలేదు. నాలుక ఆడించి ఇలిలిలి అని కేకవేశాను. వెనక ఆడవాళ్లంతా అందుకున్నారు. ఎవరో పేలాలు చల్లారు. గాలికి దుప్పటి ఊగి వాడి మొహం వంకరపోతుంటే, లేచివెళ్లి పట్టుకున్నాను. "కూర్చోమ్మా, నీ నీడ పడుతోంది" అని మగవాళ్లు గోల. నా కొడుకు మీద నా నీడ పడితే మీకేంటి నొప్పి అన్నాను.

(నిజంగానే అంది. నేను పైట పట్టుకుని లాగి కూర్చోబెట్టాను.)

ఒక్కటి మాత్రం నచ్చలేదు. గుండు మోసింది మావాడు, తలుపు మూసింది మావాడు. తీరా పేల్చేటప్పటికి ఎవడో పొడుగాటివాడు నిలబడ్డాడు. కష్టం వాడిది, పేరు వీడిదా? తెక్లే అంతే, ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చేస్తాడు. చిన్నప్పుడు రొట్టెముక్క కూడా అలాగే ఇచ్చేసేవాడు.

సినిమా అయ్యాక రుఫ్తా ఇంటికొచ్చి తండ్రితో, "నేను జెడ్డా వెళ్లను" అనేసింది. అదేమిటే, వాడేమీ కబురు చేయలేదు కదా అంటే, "ఆ నవ్వు చూశారుగా, ఇంకేం కబురు కావాలి?" అంది. తండ్రి తల పట్టుకున్నాడు. నాకు లోపల సంతోషమే. పస్కా దాటిపోయినా పోనీ, గిర్మాయ్‌ని ఇంకొకరిని చూసుకోమన్నాం. అతగాడేమో ఆగుతానన్నాడట, వెర్రిబాగులవాడు.

(నేనేం తప్పు చేశానా హిరితీ? నీ ఉత్తరం చదివాక రెండు రాత్రులు ఏడ్చాను, తెక్లేకి నేనంటే ఇష్టం లేదేమో, నువ్వు సున్నితంగా చెబుతున్నావేమో అని. తెర మీద చూశాక ఆ అనుమానం పోయింది.)

ఇంకా తీయి. వాణ్ణే తీయి.

మెధిన్

*

నక్ఫా
1986 సెప్టెంబర్ 20

పెద్దమ్మా,

మన లెక్కన ఈ నెలలోనే వచ్చిన కొత్త సంవత్సరం నీకు మేలు చేయాలి. మీరు చూసిన సినిమా అన్ని ఊళ్లలోనూ బాగా ఆడిందట. ఇటలీలో ఉన్న మనవాళ్లు కూడా, ఆ నవ్వే ఫిరంగి కుర్రాడెవరు, ఇంకా చూపించండి అని రాశారట. మా విభాగం పెద్దాయన నన్ను పిలిచి, "వాడి రీలు ఇంకా మిగిలి ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "అయితే కొత్త సినిమాలో కూడా పెట్టు, జనానికి ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు పెద్దమ్మా. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేకపోయాడు.

సినిమాని చూసి ఏదీ నిర్ణయించుకోవద్దని రుఫ్తాకి చెప్పు. నేను బతిమాలుతున్నాను. తెర మీద కనిపించేది ఎప్పుడు తీసినదో ██████████

రుఫ్తాని నమ్మించే బాధ్యత నీదే.

హిరితి

*

దేమ్ పేట, ఖార్టూమ్
1987 జనవరి 12

హిరితీ తల్లీ,

నీ కిందటి ఉత్తరంలో రెండు మూడు వరుసలు నల్ల సిరాతో కొట్టేసి వచ్చాయి. రుఫ్తా వెలుతురుకు పట్టి చూసినా ఏమీ కనిపించలేదు. పోనీలే, యుద్ధం రహస్యాలేవో రాసి ఉంటావు. చిన్నప్పటినుంచీ నీకు నోరు ఆగదు.

క్రిస్మస్ నాడు కొత్త సినిమా వేశారు. ఈసారి తెక్లే ఎక్కువసేపే కనిపించాడు. నేను ముందువరసలో, నేల మీద కూర్చున్నాను. నాకోసమే ఆ చోటు ఖాళీగా ఉంచుతున్నారు ఇప్పుడు. తెక్లే తల్లి అంటే పేటలో అందరికీ తెలుసు, ఇంజెరా కూడా ఎక్కువ అమ్ముడవుతోంది.

కానీ ఆ వేలేమిటే? ఇంకా కట్టు ఉంది! ఏడాదైంది కదా! నలిగిన వేలు ఏడాదైనా మానదా? వాళ్ల నాన్నకి ఒంట్లో చక్కెర ఉండేది, చిన్న గాయమైనా పుండై కూర్చునేది. అదే వీడికీ వచ్చిందేమోనని నాకు కంటి మీద కునుకు లేదు. అంతమంది డాక్టర్లున్నారు, గుహల్లో ఆసుపత్రులున్నాయి అని గొప్పలు చెబుతావు, ఒక్క వేలు బాగుచేయలేరా? మందుల షాపతను మంచి లేపనమిచ్చాడు, పంపిస్తున్నాను. అడవి తేనె కూడా ఒక సీసా ఉంది. దారిలో డ్రైవరు తాగేయకుండా సీలు వేయించాను.

(హిరితీ, నేను కూడా చూశాను. కట్టు తెల్లగా, శుభ్రంగా ఉంది. ఈ మధ్యనే కట్టినట్టుంది. ఎవరు కడుతున్నారు? నర్సా? ఎవరామె? ఏడాది పొడుగునా ఒక్క వేలికి కట్టు కట్టించుకుంటున్నాడంటే కట్టే చెయ్యి నచ్చిందనేగా? నాకు ఉన్నదున్నట్టు రాయి.)

చూశావా ఈ పిల్లకి ఎంత అసూయో! నర్సూ లేదు, గిర్సూ లేదు, రాయవే రుఫ్తా. గిర్మాయ్ మళ్లీ వచ్చాడు. ఈ ఎండాకాలం లోపు తేల్చకపోతే ఇంక రానన్నాడు. నేను రానవసరం లేదన్నాను. నా కోడలు నా దగ్గరే ఉంటుంది.

మెధిన్

*

నక్ఫా
1987 మార్చి 3

పెద్దమ్మా,

లేపనం అందింది. తేనె కూడా అందింది, సీలు ఊడలేదు.

నేను ఏ ప్రశ్నకీ జవాబు రాయడం లేదని నీకు కోపం రావచ్చు. ఒక్క మాట చెబుతాను. సినిమాలు కత్తిరించే బల్ల నాదే. ఏ ముక్క ఉంచాలో, ఏది కోయాలో ముందు చూసేది నేనే. కట్టు ఉన్న చెయ్యి నేను చూడకుండా తెర మీదికి రాలేదు.

నీకు మొహాలు చదవడం వచ్చని తెక్లే అన్నాడు కదా. ఈసారి సినిమా వేసినప్పుడు మొహం వదిలేయ్. చేతులు చూడు. వెనక కొండ నీడ చూడు. కిందటిసారి చూసినదీ, ఈసారి చూసినదీ పక్కపక్కన పెట్టుకుని చూడు.

సాలిహ్ అని మా కుర్రాడొకడు కాలికి దెబ్బతగిలి వైద్యానికి మీ ఊరు వస్తున్నాడు. పొడుగాటివాడే, నువ్వు తిట్టినవాడే. తిట్టకు. వాడికి నీ చేతి కాఫీ పొయ్యి.

హిరితి

*

దేమ్ పేట, ఖార్టూమ్
1987 జూన్ 19

హిరితికి,

ఇది రుఫ్తా రాయడం లేదు. నేనే రాస్తున్నాను. ఆడవాళ్లకి సంఘంలో బడి పెట్టారు, చలికాలం నుంచి పోతున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకో. రెండు రోజుల నుంచి రాస్తున్నాను.

సాలిహ్ వచ్చాడు. కర్రల మీద వచ్చాడు. కాఫీ పెట్టాను. వాడి కాలు గురించి అడిగాను. మీ కొండల గురించి అడిగాను. మొదటి కప్పు తాగాడు. రెండో కప్పు చేతిలో ఉండగా, మావాడి వేలు ఎలా ఉంది బాబూ అన్నాను. బాగుందమ్మా, మానిపోయింది అన్నాడు. మొహం కప్పులోనే ఉంది. ఎప్పుడు మానింది అన్నాను. చాన్నాళ్లైందమ్మా అన్నాడు. అని లేచి నిలబడ్డాడు.

మూడో కప్పు కాలేదు హిరితీ. మన ఇంట్లో మూడో కప్పు తాగకుండా లేచినవాడు నేను పుట్టాక లేడు. దీవెన అందులోనే ఉందని వాడికీ తెలుసు. కూర్చోమని నేను అనలేదు. వాడు వెళ్లాక ఆ మూడో కప్పు నేనే తాగాను.

ఆ వారమే పాత సినిమా మళ్లీ వేశారు. పక్క పేటకు వెళ్లి కొత్తది మళ్లీ చూశాను. నీ కిందటి ఉత్తరం రుఫ్తాకి ఇవ్వలేదు, నేనే కూడబలుక్కుని చదివాను, నువ్వు చెప్పినట్టే చూశాను. కట్టు చివర ఒక దారం వేలాడుతోంది. రెండింటిలోనూ అదే దారం.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నువ్వు నాకు ఏమీ చెప్పలేదు. ఈ ఉత్తరం చదివే బాబులు కూడా ఇది గమనించాలి. నా బిడ్డ నాకు ఏమీ చెప్పలేదు.

ఇంక రుఫ్తా. దాన్ని పిలిచి కూర్చోబెట్టి, నువ్వనుకున్నదే నిజం అన్నాను. తెక్లే ఆ నర్సుని పెళ్లి చేసుకున్నాడు, లారీ డ్రైవరు చెప్పి ఏడాదైంది, నేనే దాస్తున్నాను అన్నాను. ఎలా వచ్చిందో ఆ అబద్ధం నా నోటికి, ఆ పిల్లే అందించినట్టుంది. అది నా కాఫీ కుండ నేలకేసి కొట్టింది. నన్ను ముసలి నక్క అంది. నీ కొడుకు పురుగులు పడి పోతాడు అంది. తర్వాత నా ఒళ్లోనే పడి ఏడ్చింది. ఆ ఏడుపు నేను ఏడవాల్సింది. దాని వీపు నిమురుతూ కూర్చున్నాను.

పోయిన ఆదివారం పెళ్లయింది. గిర్మాయ్ మంచివాడు. పళ్లు నిజంగానే ఎత్తు. అందరికన్నా గట్టిగా నేనే ఇలిలిలి అన్నాను. అది నా మొహం చూడలేదు. నిన్న జెడ్డా వెళ్లిపోయింది, చెప్పకుండానే.

పోనీ. తిట్టనీ. పేటలో అందరూ తెక్లేని పొగుడుతారు. వాళ్లు పొగుడుతుంటే నేను ఇంజెరా లెక్కపెట్టి ఇస్తాను. అది ఒక్కతే ఇంకా తిడుతుంది. జెడ్డాలో అది తిట్టినప్పుడల్లా వాడికి ఎక్కడో పొలమారుతున్నట్టు ఉంటుంది నాకు.

నల్లబట్ట కట్టలేదు. జుట్టు తీయించుకోలేదు. ఎలా తీయించుకుంటాను? నా వెనక వరుసలో అందరూ తల్లులే. తెక్లే తల్లి నవ్వుతోందా లేదా అని దుప్పటి కన్నా ముందు నా వీపు చూస్తారు. అందుకని వాడు వచ్చినప్పుడల్లా కేకవేస్తున్నాను. ముందువరసలోనే కూర్చుంటున్నాను. ఇంట్లో ఏడుద్దామంటే గోడ అవతల ఇద్దరు కొడుకుల్ని పంపిన ఆవిడ ఉంది.

నీ మీద కోపం లేదు. ఆ బల్ల దగ్గర వాడిని రోజూ చూస్తూ ఎలా ఉన్నావే తల్లీ? తిండి తింటున్నావా?

వచ్చే సినిమాలో కూడా వాణ్ణి పెట్టు. నాకు కావాలి. కానీ ఈసారి చెయ్యి కనబడకుండా కొయ్యి. వెనక కూర్చున్న తల్లులకి కూడా కళ్లున్నాయి.

నీ పెద్దమ్మ